పంపు ఆపితేనే బిడ్డకు ప్రమాదం

పెగడపల్లి దగ్గర సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇందారం వైపు బొగ్గు గని, మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద ఆగని లారీలు. జైపూర్ మండలంలో ఉండేవాళ్లకు ధూళి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. గోదావరి దాటితే గోదావరిఖని, రామగుండంలోనూ అదే తీరు. పొద్దున ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి మాసిపోతుంది. చలికాలంలో మంచు కిందికి దిగిన రోజుల్లో ఆ ధూళి, పొగ పైకి పోలేక మనిషి పీల్చే ఎత్తులోనే నిలిచిపోతాయి. ఇలాంటి చోట ఉబ్బసానికి పంపు (ఇన్‌హేలర్) వాడే కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట: "ఇగ ఆ పంపు బంద్ జెయ్యి బిడ్డా, కడుపుల పిల్లకు ఏమన్నయితది."

ప్రేమతోనే అంటారు. ఆ మాట విని మందు మానేసిన గర్భిణులే ఆరో నెలలోనో ఏడో నెలలోనో దమ్ము అందక ఆసుపత్రికి చేరుతుంటారు. కడుపుతో ఉండగా ఉబ్బసం ఎలా మారుతుందో ముందే చెప్పలేం. స్థూలంగా మూడింట ఒక వంతు మందికి తగ్గుతుంది, ఒక వంతు మందికి పెరుగుతుంది, మిగతావాళ్లకు ఉన్నట్టే ఉంటుంది. పెరిగేవాళ్లలో ఎక్కువ మందికి 24 నుంచి 36 వారాల మధ్య ఇబ్బంది వస్తుంది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పని మొదలుపెట్టవు. బిడ్డకు ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి మాయ ద్వారా అందాల్సిందే. తల్లి ధమనుల్లో ఆక్సిజన్ పీడనం 100 దగ్గర ఉంటే, బొడ్డుతాడు గుండా బిడ్డకు చేరేసరికి అది 30 ప్రాంతానికి దిగుతుంది. అంత తక్కువలోనూ బిడ్డ పెరగగలుగుతోందంటే, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే ప్రత్యేకమైన హిమోగ్లోబిన్ దాని రక్తంలో ఉండబట్టే. అయితే తల్లి దగ్గరే కొరత పడితే ఆ ఏర్పాటు ఎంతోసేపు కాపాడలేదు. అదుపులో లేని ఉబ్బసం వల్ల నెలలు నిండకముందే కాన్పు, బరువు తక్కువ బిడ్డ, తల్లికి గుర్రపువాతం ముప్పు పెరుగుతాయి. ఉబ్బసం అదుపులో ఉన్న తల్లుల్లో ఈ ముప్పులు బాగా తగ్గుతాయి.

ఇక మందు లెక్క చూద్దాం. రోజూ వాడే పంపులో ఉండేది ఎక్కువగా బ్యుడెసొనైడ్. బ్యుడెకార్ట్ పేరుతో దొరికేది ఇదే, ఫోరాకార్ట్‌లో దీనితోపాటు ఇంకో మందూ ఉంటుంది. ఒక పఫ్‌లో బ్యుడెసొనైడ్ సాధారణంగా 100 లేదా 200 మైక్రోగ్రాములు. దమ్ము ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్ర 20 మిల్లీగ్రాములదైతే, అది 20,000 మైక్రోగ్రాములు. చిన్న మోతాదుకు భయపడి మానేస్తే చివరికి పెద్ద మోతాదు మింగాల్సి వస్తుంది. పైగా పంపులోని మందు ఊపిరి గొట్టాల దగ్గరే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది కొంచెమే. స్వీడన్ జనన రిజిస్టర్ ఆధారంగా 1999లో వెలువడిన అధ్యయనంలో, గర్భం తొలినాళ్లలో బ్యుడెసొనైడ్ పీల్చిన తల్లుల బిడ్డలు 2,014 మందిని చూశారు. పుట్టుకతో వచ్చే లోపాలు వాళ్లలో 3.8 శాతం, మొత్తం జనాభాలో 3.5 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేనట్టే.

ఆస్తాలిన్ పంపులో ఉండే సాల్బుటమాల్ కూడా గర్భిణులకు సురక్షితమే. కాకపోతే అది గొట్టాలను అప్పటికి సడలిస్తుంది తప్ప లోపలి వాపును తగ్గించదు. అందుకే ఒక్క ఆస్తాలిన్‌తో నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచీ గట్టిగా చెబుతున్నాయి. వారంలో రెండు సార్లకు మించి దాని అవసరం పడుతోందంటే రోజువారీ మందు చాలడం లేదని అర్థం.

నాకు అసలు భయం పంపు గురించి కాదు, మందుల షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో చిన్న కాగితం కవర్లో పెట్టిచ్చే మాత్రల గురించి. వాటిలో చాలాసార్లు డెక్సామెథాసోన్ గానీ బీటామెథాసోన్ గానీ ఉంటుంది. ప్రెడ్నిసొలోన్‌ను మాయలోని ఒక ఎంజైము చాలావరకు నిర్వీర్యం చేసి, బిడ్డ దాకా పోనివ్వదు. ఈ రెండింటి మీద ఆ ఎంజైము ప్రభావం బాగా తక్కువ, అవి నేరుగా బిడ్డను చేరతాయి. నెలలు తక్కువ కాన్పు వచ్చేలా ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి డాక్టర్లు వీటినే ఎంచి ఇచ్చేది అందుకే. ఆ అవసరం వేరు. ఆయాసం వచ్చినప్పుడల్లా పేరు తెలియని మాత్ర మింగడం వేరు. డెరిఫిల్లిన్ మాత్రలూ పంపుకు బదులు కావు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేపమందు సంగతికొస్తే, గర్భిణులు తీసుకోవద్దని పంచేవాళ్లే చెబుతారు.

పంపు చేతిలో ఉన్నా మందు లోపలికి పోతోందా అన్నది ఇంకో ప్రశ్న. నోరు తెరిచి, పంపు నొక్కి, తర్వాత ఊపిరి పీల్చేవాళ్లు ఎందరో. మందు నాలుక మీద, గొంతులో పడిపోతుంది. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. చివర్లో నోరు పుక్కిలించాలి. పొట్ట పెరిగాక ఊపిరి బిగబట్టడం కష్టమైతే పంపుకు స్పేసర్ అనే గొట్టం తగిలించుకోవడమే మేలు. చెకప్‌కు వెళ్లినప్పుడు పంపు వెంట తీసుకెళ్లి, నర్సు ముందే ఒకసారి వాడి చూపించాలి.

ఇంటి బయటి ధూళిని ఒక్క కుటుంబం ఆపలేదు. ఇంట్లో మాత్రం చేయగలిగింది ఉంది. బొగ్గుల పొయ్యి, దోమల కాయిల్, బీడీ పొగ గర్భిణికి దూరంగా ఉండాలి. గని నుంచి వచ్చిన బట్టలను ఆమె చేత దులిపించవద్దు, ఉతికించవద్దు. ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, గోళ్లు నీలంగా మారడం, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 95 కంటే తగ్గడం, బిడ్డ కదలిక మందగించడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా ఆమెను కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఆస్తాలిన్ 4 పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వాలి. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్లీ. ఆసుపత్రిలో రక్త పరీక్ష రిపోర్టు చదివేవాళ్లకూ ఒక జాగ్రత్త ఉంది. మామూలు మనిషికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 అయితే సాధారణం. గర్భిణి మరింత లోతుగా శ్వాసిస్తుంది కాబట్టి ఆమెకు 30 ప్రాంతంలో ఉండాలి. ఉబ్బసంతో వచ్చిన గర్భిణికి 40 కనిపిస్తే ఆమె అలసిపోతోందని అర్థం.

కాన్పు గది విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. ఈ బొగ్గు ప్రాంతంలో మాతా శిశు సంరక్షణ కార్డు మొదటి పేజీలోనే "ఉబ్బసం ఉంది" అని ఎర్ర సిరాతో రాయాలి. బీపీ పెరిగితే గర్భిణులకు మామూలుగా ఇచ్చే లాబెటలాల్ ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలను బిగించగలదు. వీళ్లకు నిఫెడిపిన్ లాంటివి మేలు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే కార్బోప్రోస్ట్ ఇంజెక్షన్‌తోనూ అదే ప్రమాదం. ఆక్సిటోసిన్‌తో ఆ ఇబ్బంది లేదు. వారాల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్లకు నొప్పుల సమయంలో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరం పడొచ్చు. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న డాక్టర్ ఎవరైనా సరే, ఇవన్నీ గుర్తుకు రావాలంటే కార్డు మీద ఆ మాట కనపడాలి. నొప్పుల మధ్య కూడా పంపు వేళకు వాడాల్సిందే. పాలిచ్చే రోజుల్లోనూ అవే పంపులు వాడవచ్చు. సాధారణంగా కాన్పయిన మూడు నెలలకు ఉబ్బసం గర్భానికి ముందున్న స్థితికి వస్తుంది. మోతాదు తగ్గించాలా వద్దా అని డాక్టర్‌తో మాట్లాడాల్సింది అప్పుడు.