చిన్న యాంప్లిఫయరు, అసలు వాట్లు

అరచేతిలో ఇమిడే స్టీరియో యాంప్లిఫయరు అట్టపెట్టె మీద తరచుగా "100 + 100 వాట్లు" అని ఉంటుంది. అదే పెట్టెలో వచ్చే అడాప్టరును తిప్పి చూస్తే సన్నని అక్షరాల్లో "24 వోల్టులు, 4 ఆంపియర్లు" అని కనిపిస్తుంది. రెండింటినీ గుణిస్తే 96 వాట్లు. రెండు చానళ్లకూ కలిపి లోపలికి వచ్చేదే 96 వాట్లయితే, స్పీకర్లకు 200 ఎక్కడి నుంచి వస్తాయి? కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తి క్షణకాలం అక్కరకు వస్తుంది కానీ, నిలకడగా ఇవ్వవలసిన చోట బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది.

ఆంపియర్ల సంగతి అలా ఉంచి, వోల్టులు మరో హద్దు గీస్తాయి. ఈ తరహా యాంప్లిఫయర్లలో చాలావరకు స్పీకరు రెండు కొసలనూ ఎదురెదురు దిశల్లో నడుపుతాయి. అందువల్ల స్పీకరుకు అందే గరిష్ఠ వోల్టేజి దాదాపు అడాప్టరు వోల్టేజి అంత ఉంటుంది. వోల్టేజి వర్గాన్ని స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగిస్తే శబ్దం చెదరకుండా వచ్చే వాట్లు తెలుస్తాయి. 24 వోల్టులతో 8 ఓమ్‌ల స్పీకరుకు 36 వాట్లు, 4 ఓమ్‌ల స్పీకరుకు 72. అదే యంత్రానికి 12 వోల్టుల అడాప్టరు తగిలిస్తే 8 ఓమ్‌లకు దక్కేది 9 వాట్లే. లోపలి నష్టాలు పోగా వాస్తవం ఇంకాస్త తక్కువే ఉంటుంది.

అంకెల గారడీ మనకు కొత్త కాదు. టేప్‌రికార్డర్ల రోజుల్లో బొమ్మలాంటి డెక్కు మీద కూడా వందల వాట్ల పి.ఎం.పి.ఓ. (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని రాసేవారు. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు. ఇలాంటి ప్రకటనలను అదుపు చేయడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన తెచ్చింది. నేటి యాంప్లిఫయరు చిప్పుల వివరపత్రాల్లోనూ ఒక మెలిక ఉంది. పెద్దక్షరాల్లో వేసే వాట్లు చాలాసార్లు 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవి. ఆ స్థితిలో పాట వినబుద్ధి కాదు. 1 శాతం లేదా అంతకన్నా తక్కువ డిస్టార్షన్ దగ్గర ఎన్ని వాట్లో చెప్పిన అంకెనే నమ్మాలి.

అలాగని చిన్న యాంప్లిఫయర్లను తీసిపారేయడానికి లేదు. పాత క్లాస్ ఏబీ పద్ధతిలో ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకుని పనిచేస్తాయి కనుక చాలా శక్తి వేడిగా పోతుంది. పూర్తి శక్తి వద్ద కూడా దాని సామర్థ్యపు సిద్ధాంతపరమైన హద్దు సుమారు 78 శాతమే. మామూలుగా వినే స్థాయిలో అది ఇంకా పడిపోతుంది. అందుకే ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, అల్యూమినియం రెక్కలు. ఈ చిన్నవాటిలో వాడే క్లాస్ డి పద్ధతిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుంటూ, పూర్తిగా మూసుకుంటూ ఉంటాయి. తెరిచి ఉన్న సమయం ఎంతన్నదే సంగీత సంకేతాన్ని మోస్తుంది. చివర ఒక కాయిలు, ఒక కెపాసిటరు ఆ వేగపు మిటకరింపును వడకట్టి సంగీతాన్ని మిగులుస్తాయి. సామర్థ్యం 90 శాతం దాటుతుంది. భారతీయ మూలాలున్న ఇంజనీరు ఆద్య త్రిపాఠీ స్థాపించిన ట్రైపాత్ సంస్థ 1998లో తెచ్చిన టీఏ2020 చిప్పుతో ఈ పద్ధతి చవక పరికరాల్లోనూ మంచి శబ్దం ఇవ్వగలదని తేలింది. ఆ సంస్థ 2007లో దివాలా తీసింది. పద్ధతి మాత్రం నిలిచింది.

ఇక మన గదికి ఎన్ని వాట్లు కావాలి? జవాబు యాంప్లిఫయరు మీద ఉండదు, స్పీకరు వెనక చీటీ మీద ఉంటుంది. సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ అంటే, ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే కొంత తగ్గుతుంది. గోడల ప్రతిధ్వని, రెండో స్పీకరు కొంత తిరిగి ఇస్తాయి. వెరసి చానలుకు ఒక్క వాటుతో 82 డెసిబెల్స్ దరిదాపుల్లో వినిపిస్తుంది. వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే స్థాయి 80. ఇంట్లో హాయిగా వినే 75 డెసిబెల్స్‌కు అయిదోవంతు వాటు చాలు.

అయితే సంగీతం సగటుగా సాగదు. వీణ కచేరీలో మృదంగం మీద ఒక్క బలమైన చాపు పడిందంటే, ఆ క్షణంలో శబ్దం సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేవవచ్చు. 20 డెసిబెల్స్ అంటే శక్తిలో వంద రెట్లు. అయిదోవంతు వాటు అక్కడ 20 వాట్లవుతుంది. యాంప్లిఫయరుకు ఆ పాటి జాగా లేకపోతే తరంగం నెత్తి కోసుకుపోయి చాపు మొద్దుబారుతుంది. స్పీకరు 82 డెసిబెల్స్‌దైతే 20 కాస్తా 50 అవుతుంది, 90 డెసిబెల్స్‌దైతే 8 సరిపోతాయి. వాట్లను 50 నుంచి 100కు పెంచితే దక్కేది మూడంటే మూడు డెసిబెల్స్.

కొనేవారిని తరచుగా మోసం చేసేది వాల్యూమ్ నాబ్. సగం తిప్పగానే గట్టిగా మోగింది కాబట్టి ఇంకా సగం బలం మిగిలి ఉందనుకుంటాం. లోపలి చిప్పు సంకేతాన్ని 20 రెట్లు పెంచేలా అమర్చి ఉంటే, 24 వోల్టుల హద్దును చేరడానికి 1.2 వోల్టుల సంకేతం చాలు. సీడీ ప్లేయర్ల వంటివి సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి కనుక నాబ్ చివరికి చేరకముందే బలం అయిపోతుంది. ఆపైన తిప్పితే పెరిగేది గరగరే.

సంకేతాన్ని వడకట్టే, చివరనున్న ఆ కాయిలు, కెపాసిటరు ఒక నిర్దిష్ట ఓమ్‌ల స్పీకరును దృష్టిలో పెట్టుకుని చేసినవి. 4 ఓమ్‌లకు సరిచూసిన దానికి 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే పైస్థాయి స్వరాలు కాస్త ఎత్తుగా పలుకుతాయి. పోస్ట్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ (వడకట్టాక వచ్చే సంకేతాన్ని చూసి సరిదిద్దుకునే ఏర్పాటు) ఉన్న నమూనాల్లో ఈ లోపం చాలా తగ్గుతుంది. కాస్త ఎక్కువ పెట్టినా అవి కొనదగినవే. ఇక డిస్టార్షన్ అంకెల్లో దశాంశ బిందువు తరువాత సున్నాల కోసం పోటీపడటం, పైన సీలింగ్ ఫ్యాను తిరిగే మన ఇళ్లలో దండగ. ఘంటసాల పాటలే ప్రాణమైన వారికి ఇంకో మాట: వాటిలో చాలావరకు మోనో రికార్డింగులే. రెండు స్పీకర్ల మధ్య వాయిద్యాలను వెతుక్కునే పని ఉండదు.

తీగలు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. స్పీకరు రెండు కొసలూ నడిచే ఈ యాంప్లిఫయర్లలో నల్ల టెర్మినల్ గ్రౌండు కాదు. పాత వైరింగులో రెండు స్పీకర్లకూ కలిపి ఒకే కామన్ తీగ లాగి ఉంటే దాన్ని వాడకూడదు. చిప్పు కాలిపోవచ్చు. ఒక్కో స్పీకరుకు రెండేసి తీగలు విడిగా వేయాలి.

86 డెసిబెల్స్ పైబడిన స్పీకర్లు, మధ్యస్థమైన గది ఉన్నవారికి 24 వోల్టులు, కనీసం 4 ఆంపియర్ల అడాప్టరుతో నడిచే క్లాస్ డి యాంప్లిఫయరు సరిపోతుంది. అంతకు మించి డబ్బుంటే స్పీకర్ల మీద పెట్టండి.