పేరు గల మఱ్ఱి - పేరు లేని వేప

మన పూర్వులు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి. చెఱువు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కావ్యము, కుమారుడు - ఇవి మానవుని పేరును అతని తరువాత నిలుపునని వారి విశ్వాసము. వనమును కుమారుని సరసన కూర్చుండబెట్టిన ఆ భావమును మనము సగమే గ్రహించితిమి. మొక్క నాటుట పుణ్యమని తెలిసికొంటిమి. నాటినదానిని సాకుట, ముదిసినదానిని కాపాడుట అంతకంటె పెద్దపని యని మఱచితిమి. బిడ్డను కన్నంతమాత్రమున తల్లి పని తీరదు గదా!

పాలమూరు సీమకు ఈ పాఠమును చెప్పినది ఒక చెట్టే. మహబూబునగరమునకు సుమారు 4 కిలోమీటర్ల దూరమున నున్న పిల్లలమఱ్ఱిని ఎఱుగనివారు ఆ జిల్లాలో ఉండరు. దాని వయస్సు 700 ఏండ్లని ప్రతీతి. దాదాపు 3 ఎకరముల నేలను కప్పి, దూరమునుండి చూచువారికి పచ్చని గుట్టవలె కనబడును; చేరువకు పోయిన గాని అది ఒక్క చెట్టని తెలియదు. కొమ్మలనుండి దిగిన ఊడలు నేలనంటి మ్రాకులాయెను. ఆ మ్రాకులు మరల కొమ్మలు చాచి ఊడలు దింపెను. తల్లి యెవరో పిల్లలెవరో ఆనవాలు పట్టరాని ఆ కుటుంబమునకు జనులు పెట్టిన పేరు ఎంత తగినది! వెయ్యిమంది దాని నీడన సుఖముగా కూర్చుండవచ్చునందురు. ఆ నీడనే ఒక ముస్లిము సాధువు సమాధి కలదు. ఈ పట్టణమునకు ఆరవ నిజాము పేరిట మహబూబునగరమని పేరు వచ్చినది 1890 లో. ఆనాటికే ఆ మఱ్ఱి ఎన్నో తరముల వారిని చూచిన ముదుసలి.

అట్టి మహావృక్షమునుండి 2017 డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విరిగిపడెను. పరీక్షింపగా చెదలు మ్రానును లోలోపల తొలిచివేసినట్లు తేలెను. కాని దోషమంతయు చెదపురుగుల మీద మోపుట న్యాయము కాదు. చూడవచ్చినవారు కొమ్మల నెక్కిరి, ఊడలు పట్టి ఊగిరి. వేలకొలది పాదములు త్రొక్కిన నేల గట్టిపడినచో వాననీరు లోనికి ఇంకదు. వేళ్లకు గాలి అందదు. బలము తగ్గిన చెట్టునే పురుగు ఆశ్రయించును. పిల్లలమఱ్ఱి ప్రజల ద్వేషమువలన కాదు, జాగ్రత్త లేని ప్రేమవలన జబ్బుపడినది.

సందర్శకుల రాకను ఆపివేసి, అటవీశాఖవారు వైద్యమునకు పూనుకొనిరి. మొదట మ్రానునకు రంధ్రములు చేసి మందు పోయగా అది నిలువక బయటికి కారిపోయెను. అప్పుడు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించు పద్ధతి వారికి తోచెను. క్లోరోపైరిఫాసను చెదలమందును నీటిలో కలిపి సీసాలలో నింపి, రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున కొమ్మలకు వ్రేలగట్టి, సన్నని గొట్టములగుండ చుక్కచుక్కగా లోనికి పంపిరి. వేళ్ల మొదళ్లకును మందునీరు పెట్టిరి. బరువుకు ఒరగిన కొమ్మలకు సిమెంటు స్తంభములు ఊతగా నిలిపిరి. 2018 లో ఆ సీసాల చెట్టు చిత్రము దేశవిదేశముల పత్రికలకెక్కెను. క్రమముగా చెట్టు తేరుకొని చిగిర్చెను. 2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీలకు వచ్చిన వనితలను కూడ ఆ చెట్టు చూపించుటకు తీసికొనిపోయిరి.

ముదిసిన చెట్టును కాపాడుట సాధ్యమనుటకు కలకత్తా వృక్షోద్యానములోని మహావటము మఱియొక సాక్షి. 1864, 1867 సంవత్సరముల తుపానులలో అది గాయపడెను. ఆ గాయములనుండి బూజుతెగులు ప్రవేశించి నడిమి మ్రానును తినివేయగా 1925 లో దానిని తొలగింపవలసి వచ్చెను. నడిమి మ్రాను పోయి నూరేండ్లు దాటినను చెట్టు చావలేదు. వేలాది ఊడల మీద నేటికిని నిలిచి పెరుగుచున్నది. లేత ఊడలను వెదురుబద్దల నడుమ నుంచి అక్కడివారు వాటికి నేలదారి చూపుదురు. కదిరి సమీపమున, 1989 లో గిన్నిసు గ్రంథమునకెక్కిన తిమ్మమ్మ మఱ్ఱిమాను బ్రదుకును ఊడల మీదనే. ఊడకు మన్ను అందినంతకాలము మఱ్ఱికి ముసలితనము లేదు. ఆ మన్నును మూయకుండుటయే మనుష్యుడు చేయవలసిన మొదటి సేవ.

పేరు గల చెట్టునకు వైద్యులు దొరికిరి. పేరు లేని చెట్ల మాటయేమి? నల్లగొండలో కచేరి పనిమీద వచ్చిన రైతు తలపాగ విప్పి కూర్చుండు వేపకు, మహబూబునగరపు వీథిలో చెప్పులు కుట్టువాని దుకాణమునకు పైకప్పైన కానుగకు, బస్సుకై నిలుచున్న బాలింతకు నీడనిచ్చు రావికి చరిత్ర లేదు. సెలైను సీసాలును లేవు. పెరటి చెట్టు మందుకు రాదన్న సామెత వీథి చెట్టునకును చెల్లుచున్నది.

అయినను ఈ సీమలో నీడ విలాసము కాదు. ఇది రాతినేల. పాలమూరులో ఏడాదికి పడు వాన సుమారు 600 మిల్లీమీటర్లు. నల్లగొండలో వేసవి యెండ 44 డిగ్రీలు దాటిన దినములు కలవు. పగలంతయు కాగిన బండలు, తారురోడ్లు, సిమెంటు గోడలు రాత్రియందును సెగ క్రక్కును. చెట్టు ఎండకు అడ్డుపడుటయే కాక, వేళ్లతో పీల్చిన నీటిని ఆకులనుండి ఆవిరిగా విడిచి చుట్టునున్న గాలిని చల్లబఱచును. దుమ్మును ఆకుల మీద నిలుపును. వాన వేగమును తగ్గించి నీటిని వేళ్లదారిని నేలలోనికి దింపును. బండి నీడన పండ్లమ్ముకొను స్త్రీకి, ఆటో నడుపువానికి ఈ చెట్టే చలువగది. దానికి అద్దె లేదు.

ఇట్టి ఉపకారికి మనము చేయు ప్రత్యుపకార మేది? మ్రాను మొదలంట తారు పోయుదుము. ప్రకటన పలకలకై మేకులు దిగగొట్టుదుము. మొక్కనాడు పెట్టిన ఇనుపకంచె చెట్టైన తరువాతను తీయము. అది బెరడులోనికి దిగి ఉరిత్రాడగును. ఊడ్చిన చెత్తను వేళ్ల మీదనే తగులబెట్టుదుము. విద్యుత్తు తీగల కడ్డమని ఒక ప్రక్క కొమ్మలనే నఱుకుదుము. బరువు తప్పిన చెట్టు మొదటి గాలివానకు ఒరిగి ఇంటి మీదనో మనిషి మీదనో పడినప్పుడు చెట్టునే నిందింతుము.

చట్టములు లేకపోలేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకై 2002 లో వచ్చిన వాల్టా చట్టము చెట్టు నఱుకుటకు అనుమతి కావలెనన్నది. 2015 లో ఆరంభమైన హరితహారము ఊరూర మొక్కలు నాటించెను. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ఆదాయవ్యయ పట్టికలో పదవవంతు పచ్చదనమునకు కేటాయించి, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని విధించెను. ఇది మెచ్చదగిన విధి. కాని లెక్క అంతయు క్రొత్తమొక్కలదైనచో ముసలిచెట్టు ఎవరి పద్దులో ఉండును? దారి వెడల్పునకై నలువదియేండ్ల వేపను కొట్టి, దానికి మాఱు పది మొక్కలు నాటితిమనుట అంకగణితమున సరిపోవును. ఈ వేసవిలో ఎండన నిలిచిన మనిషికి మాత్రము సరిపోదు.

చేయవలసినది గొప్ప వ్యయముతో కూడినది కాదు. ప్రతి పురపాలకసంఘము తన వీథుల పాతచెట్లకు ఒక పట్టిక వ్రాయింపవలెను. ప్రతి చెట్టు మొదట ఒక మీటరు మేర మన్ను తెఱచి యుంచవలెను. మేకులు, కంచెలు తీయవలెను. తొలకరికి ముందు చెద పట్టినదేది, పుచ్చినదేది తెలిసినవారిచేత చూపించి, కొమ్మలను రెండు ప్రక్కల సమముగా కత్తిరింపవలెను. క్రొత్తమొక్కకు మొదటి మూడు వేసవులు నీరందవలెను. బడిపిల్లలకు వీథికొక చెట్టును అప్పగించినచో మేకు కొట్టువాని చేతిని వారే ఆపుదురు.

పిల్లలమఱ్ఱి చిగిర్చినదని సంతోషించుట మంచిదే. ఆ సంతోషము నిజమైనదగుటకు, ఇంటి యెదుటి వేప మొదట పోసిన తారును ఈ వానకాలమునకు ముందే త్రవ్వి తీయవలెను.