బూజు గింజ చుట్టూ ఓ కెరియర్

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రబీ మొక్కజొన్న కళ్లాల్లో ఆరే సమయానికి అకాల వాన పడిందంటే గింజకు బూజు ఖాయం. ‘కడిగీసి ఎండలో ఎయ్యండి, ఏటవదు’ అంటారు ఇంట్లో పెద్దలు. పైబూజు పోతుంది సరే. అది గింజలో వదిలిన విషం? అది తింటే క్యాన్సర్ వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు టాక్సికాలజిస్టులు. బీఎస్సీ, బీఫార్మసీ చేస్తూ ‘పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ తప్ప మనకేముంది’ అనుకునేవాళ్లు ఓసారి ఇటు చూడొచ్చు.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. దాణాలోని వేరుసెనగ చెక్కకు పట్టిన బూజే కారణమని తేలింది. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఎలుకలకు పెడితే కాలేయ క్యాన్సర్ వచ్చింది.

అసలు మలుపు మన హైదరాబాద్‌లో. తార్నాకలోని పోషకాహార పరిశోధన సంస్థ (ఇప్పటి ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు మాధవన్, గోపాలన్ ఎలుకలకు అఫ్లాటాక్సిన్ ఇస్తూ కొన్నింటికి 5 శాతం, కొన్నింటికి 20 శాతం ప్రొటీన్ ఉన్న మేత పెట్టారు. బలమైన తిండి కాపాడుతుందనే ఎవరైనా అనుకుంటారు. 1968లో వాళ్లు ప్రచురించిన ఫలితం అందుకు రివర్స్. క్యాన్సర్ వచ్చింది 20 శాతం గుంపుకే! అలాగని పప్పు మానేయకండి. తక్కువ ప్రొటీన్ తిన్న ఎలుకలకు విషం తక్షణ దెబ్బ ఎక్కువగా తగులుతుందని వాళ్ల పనిలోనే తేలింది. కాలేయంలోని ఎంజైములు మార్చాకే అఫ్లాటాక్సిన్ డీఎన్ఏకు అతుక్కుంటుంది. ప్రొటీన్ తగ్గితే ఆ ఎంజైముల జోరూ తగ్గుతుంది.

మొక్కజొన్నకు పట్టే మరో బూజు విషం ఫ్యుమోనిసిన్. 1995లో దక్కన్ పల్లెల్లో వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో పడిపోతే ఎన్ఐఎన్ పరిశోధకులు పట్టుకున్నది దీన్నే. అమెరికాలో రెండేళ్లు పరీక్షిస్తే మగ ఎలుకలకు కిడ్నీలో, ఆడ చుంచెలుకలకు కాలేయంలో కణుతులు వచ్చాయి. అందుకే ఒక్క జాతితో, ఒక్క లింగంతో తేల్చరు.

ఓఈసీడీ పద్ధతిలో ఒక్కో గుంపుకు 50 మగ, 50 ఆడ ఎలుకలు. మూడు మోతాదులు, విషం ఇవ్వని గుంపు ఒకటి. మొత్తం 400. రెండేళ్ల పాటు వాటి మేత, బరువు, కంటికి కనిపించే ప్రతి మార్పూ రాయాలి. చివర్లో కణజాలాన్ని స్లైడ్లపై చూడాలి. రిజిస్టర్‌లో దిద్దుబాటుకు సంతకం, తేదీ లేకపోయినా క్వాలిటీ ఆడిటర్ నిలదీస్తాడు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్ (జీఎల్‌పీ) నియమాలు చదవమనేది ఇందుకే.

హైదరాబాద్, బెంగళూరు ల్యాబుల్లో లైఫ్ సైన్సెస్, ఫార్మసీ వాళ్లకు స్టడీ విభాగంలో, క్వాలిటీలో చోటుంటుంది. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ చేస్తే ఇంకా మేలు. స్లైడ్లు చదివే పని మాత్రం పశువైద్యులదే. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదివేవాళ్లు పీజీలో పాథాలజీ తీసుకోవడం గురించి ఆలోచించాలి.

ఒక మాట ముందే తెలియాలి. ఎథిక్స్ కమిటీ అనుమతితో మొదలయ్యే ఈ పరీక్ష చివర ఆ జంతువులను చంపాల్సిందే. రెండేళ్లు మేత పెట్టిన చేతులకు అది తేలిక కాదు. మనసొప్పనివాళ్లకు ఇదే రంగంలో మరో పని ఉంది: హెచ్‌పీఎల్‌సీ యంత్రంపై గింజల్లో విషం ఎంతుందో కొలవడం. కెమిస్ట్రీ వాళ్లూ చేయొచ్చు, ఎలుకను ముట్టుకోనక్కర్లేదు.