పెద్దల నోట ఉన్న చరిత్ర: దాన్ని భద్రపరచే విధానం

ఇబ్రహీంపట్నంలో నిలబడి చుట్టూ చూసినవారికి చరిత్ర రెండు రూపాలలో ఎదురవుతుంది. ఒకటి కొండపల్లి కొండమీది కోట. రెడ్డిరాజులు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీ సుల్తానులు ఒకరి తరువాత ఒకరు దాన్ని ఏలారు. 1766లో అది ఆంగ్లేయుల వశమైంది. ఇదంతా గ్రంథస్థమైన విషయం. ఎవరు కావాలన్నా చదువుకోవచ్చు. రెండవది ఆ కొండ కింద, కృష్ణ ఒడ్డున బ్రతికిన సామాన్యుల చరిత్ర. ఫెర్రీ దగ్గర పడవ ఎక్కి ఆవలి ఒడ్డుకు కూలికి పోయినవారు, ఊరూరా తిరిగి దూది ఏకినవారు, జీతం అడగకుండా ఐదు పూటలా అజాన్ ఇచ్చినవారు, రంజాన్ రాత్రులలో సహరీకి జనాన్ని లేపినవారు - వీరి సంగతి వ్రాసిపెట్టినవారు అరుదు. అది మన ఇళ్ళలోని వృద్ధుల నోట మాత్రమే ఉన్నది.

ఈ రెండవ చరిత్ర రోజురోజుకూ తరిగిపోతున్నది. 1948లో పదేళ్ళ పిల్లవాడు నేడు తొంభైకి చేరువలో ఉన్నాడు. 1977 తుఫాను నాటికి ఇరవై ఏళ్ళ కొత్త కోడలు నేడు డెబ్బైకి చేరువలో ఉన్నది. గంటల కొద్దీ మాటలను పట్టి ఉంచగల సాధనం ప్రతివాని జేబులోని ఫోనులోనే ఉన్నది. అయినా మనం వారి చేత చెప్పించుకోవడం లేదు. సాధనం లేక కాదు, అదీ ఒక బాధ్యతేనని మనకు తోచక. నిజానికి విన్నదాన్ని భద్రపరచడం, దాని నిజానిజాలు తేల్చడం అనే విద్యను ముస్లింలు పరిపూర్ణ శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఆ విద్యనుండి నేడు మనం ఏమి గ్రహించవచ్చునో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యమామా నేర్పిన పాఠం

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో యమామా యుద్ధం జరిగింది. దివ్యఖుర్‌ఆన్‌ను కంఠస్థం చేసిన అనేకమంది సహాబీలు అందులో షహీదులయ్యారు. ఇట్లాగే మరికొన్ని యుద్ధాలు జరిగితే ఖుర్‌ఆన్‌లో ఎంతో భాగం చేజారుతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. దైవప్రవక్త (స) చేయని పనిని తామెట్లా చేయగలమని అబూబక్ర్ (రజి) మొదట సంకోచించి, తరువాత అంగీకరించారు. ఆ బాధ్యత హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కి అప్పగించారు. ఆయన స్వయంగా హాఫిజ్ అయి కూడా తన జ్ఞాపకం ఒక్కదానిమీదే ఆధారపడలేదు. జనుల హృదయాలలో ఉన్నదాన్ని, ఖర్జూరపు మట్టలమీద, రాళ్ళమీద వ్రాసి ఉన్నదాన్ని వెదకి సేకరించారు.

సుమారు తొంభై ఏళ్ళ తరువాత ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) అటువంటి ఆందోళనతోనే మదీనాలోని అబూబక్ర్ బిన్ హజ్మ్‌కు లేఖ పంపారు. పండితులు గతించిపోతున్నారనీ, విద్య అంతరించిపోకముందే హదీసులను వ్రాయించవలసిందనీ ఆ ఆదేశం. అంతకుముందు హజ్రత్ జాబిర్ (రజి) ఒకే ఒక్క హదీసును దాన్ని విన్నవారి నోటనే వినాలని ఒంటె కొనుక్కొని, నెల రోజుల ప్రయాణం చేసి సిరియా చేరుకున్నారు. మన పెద్దలు పక్క గదిలోనే ఉన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన తాతయ్యల జ్ఞాపకాలు హదీసులు కావు. వాటి స్థానం వేరు, వీటి స్థానం వేరు. మనం తీసుకోవలసింది ఆ మహనీయుల శ్రద్ధను, పరిశీలనా పద్ధతిని మాత్రమే.

ధ్వని యంత్రం వచ్చిన తరువాత

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. మనిషి గొంతును అతని మరణానంతరం కూడా వినే అవకాశం అప్పుడు మొదలైంది. 1961లో ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ పూర్తి ఖుర్‌ఆన్ పారాయణం ధ్వనిముద్రితమై వెలువడింది. అక్షరం మోయలేని తజ్వీద్‌ను, స్వరాన్ని ఆ ముద్రణ మోసింది. జ్ఞాపకాల విషయంలోనూ ఇంతే. ఒక వృద్ధురాలు చెప్పిన మాటను కాగితంమీద వ్రాస్తే అర్థం మిగులుతుంది. కాని ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ గొంతు బొంగురుపోయింది, ఉర్దూలో మొదలుపెట్టి ఏ మాట దగ్గర తెలుగులోకి మారింది - ఇవి ధ్వనిలో మాత్రమే మిగులుతాయి.

తెలుగునాట ఈ పనికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను టేపుమీద రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథాన్ని వెలువరించింది. అందులో తమ కథ చెప్పినవారిలో హైదరాబాదుకు చెందిన జమాలున్నిసా బాజీ ఒకరు. ఆమె 2016లో కన్నుమూశారు. ముప్పై ఏళ్ళ ముందే ఎవరో వెళ్ళి అడిగినందువల్ల ఆమె మాట నేటికీ చదువుకోగలుగుతున్నాం. స్త్రీలను అడగడం మనకు కొత్త కాదు. హజ్రత్ ఆయిషా (రజి) నుండి రెండువేలకు పైగా హదీసులు ఉల్లేఖితమయ్యాయి. అయినా మన ఊళ్ళ చరిత్ర చెప్పమంటే నేటికీ మగవారి దగ్గరకే వెళుతున్నాం. కాన్పులు, కరువులు, పెళ్ళిళ్ళు, వరదలో ముందుగా దేన్ని బయటకు తీశారన్నది - ఇవన్నీ తెలిసింది ఇంటి ఆడవారికే.

ఏమి అడగాలి?

ఇబ్రహీంపట్నం పరిసరాలలో అడగవలసినవి చాలా ఉన్నాయి. థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో ప్రారంభమైంది. అంతకుముందు ఆ నేలమీద ఏముండేదో చూసినవారు ఉన్నారు. 2015లో పట్టిసీమ ద్వారా గోదావరి నీరు ఫెర్రీ దగ్గర కృష్ణలో కలిసింది. అంతకుముందటి రేవు ఎట్లా ఉండేదో చెప్పగలవారు ఉన్నారు. దూది ఏకే విల్లు మోగించిన చేతులు నూర్‌బాషా కుటుంబాలలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ అంకె రికార్డులలో ఉంటుంది. నీటిలో చిక్కిన ఇంటికి ఎవరు అన్నం తెచ్చారు, మసీదు తలుపులు ఎవరికోసం తెరుచుకున్నాయి, ఏ పొరుగువాడు ఎవరి పిల్లను భుజాన మోశాడు అన్నది ఇప్పుడే అడగకపోతే ఇరవై ఏళ్ళ తరువాత తలా ఒక రకంగా చెబుతారు.

ప్రశ్న వేయడంలోనే సగం పని ఉన్నది. “వరద పెద్దదేనా?” అంటే “అవును” అనే జవాబు వస్తుంది. “నీళ్ళు గడప దాటేసరికి మీరేం చేస్తున్నారు దాదీ?” అంటే కథ వస్తుంది. అడిగి ఊరుకోవాలి. ఆమె మౌనంగా ఉన్నప్పుడు మనం మాట అందించరాదు. ఆ మౌనం తరువాతనే అసలు విషయం బయటపడవచ్చు.

ముహద్దిసుల పద్ధతి

హదీసు పండితులు మొదట చూసేది సనద్, అనగా చెప్పినవారి పరంపర. మనం కూడా రికార్డు మొదలుపెట్టగానే తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, అడిగేవారి పేరు పైకి చదవాలి. తరువాత ప్రతి సంగతికి ఒక ప్రశ్న తప్పనిసరి: “ఇది మీరు కళ్ళారా చూశారా, ఎవరైనా చెప్పగా విన్నారా?” విన్నదైతే ఎవరి నోట విన్నారో అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగనందువల్లనే ఎన్నో ఊరి కథలు పుకార్లుగా మిగిలిపోయాయి.

రెండవది జబ్త్, అనగా జ్ఞాపకపు బిగువు. వృద్ధాప్యంలో జ్ఞాపకం కలగాపులగమైన ఉల్లేఖకులను ముహద్దిసులు తిరస్కరించి ఊరుకోలేదు. ఆ స్థితికి ముందు చెప్పినదేదో, తరువాత చెప్పినదేదో వేరుచేశారు. అబ్దుల్లాహ్ బిన్ లహీఆ విషయంలో ఆయన పుస్తకాలు కాలిపోకముందు విన్నవారికీ, ఆ తరువాత విన్నవారికీ తేడా చూశారు. మనం కూడా పెద్దవారు తడబడ్డారని అవమానించకుండా, కొన్ని రోజుల తరువాత అదే సంగతిని మళ్ళీ అడిగి పోల్చుకోవాలి.

మూడవది ఇతర సాక్ష్యాలతో సరిచూడడం. దివ్యఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో, వచ్చిన వార్తను నిర్ధారించుకోమని మనకు ఆదేశం ఉన్నది. ఒక వృద్ధురాలికి సంవత్సరం గుర్తులేదనుకుందాం. “దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఇంట్లో బక్రీదు పొట్టేలు కట్టేసి ఉంది” అని మాత్రం చెప్పింది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. హిజ్రీ పంచాంగం తిరగేస్తే ఆ రోజులు 1397 జుల్‌హిజ్జా నెల మొదటి పది రోజులలో పడ్డాయి. బక్రీదుకు రెండు మూడు రోజులే ఉన్నది. చదువురాని ఆమె జ్ఞాపకం పంచాంగంతో సరిపోయింది. మన పెద్దలు కాలాన్ని అంకెలతో గుర్తుపెట్టుకోరు. పండుగలతో, పురుళ్ళతో, వరదలతో గుర్తుపెట్టుకుంటారు. ఆ గుర్తులను తేదీలుగా మార్చుకోవడం మన పని.

కాగితం మౌనంగా ఉన్నచోట నోటి మాట విలువ మరింత పెరుగుతుంది. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యలో విజయవాడ వైపునుండి కూడా సైన్యం హైదరాబాదుమీదికి కదిలింది. ఆ తరువాత జరిగిన హింసను విచారించిన పండిత సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. అన్నేళ్ళూ ఆ విషాదాన్ని మోసింది కుటుంబాల జ్ఞాపకమే. అదే సమయంలో తమ ప్రాణాలు కాపాడిన హిందూ పొరుగువారి జ్ఞాపకాన్నీ మోసింది ఆ కుటుంబాలే. రెంటిలో ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని దాచడం సాక్ష్యం అనిపించుకోదు.

వక్ఫ్ భూముల విషయంలో మాత్రం పొరబడరాదు. దస్తావేజు లేకపోయినా, దీర్ఘకాలపు వాడుకను బట్టి వక్ఫ్‌గా గుర్తించే నిబంధనను 2025 సవరణ చట్టం ఇకముందుకు తొలగించింది. కనుక ఖబరస్తాన్ గురించి తాతగారి మాటను రికార్డు చేసి, ఇక చాలు అనుకోవడం తగదు. ఆ మాటను ఆధారంగా చేసుకొని పాత రిజిస్టర్లు, సర్వే కాగితాలు వెదకి, అవసరమైతే న్యాయవాదిని సంప్రదించాలి.

అమానత్

చెప్పినవారి మాట మన దగ్గర అమానత్. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, అనుమతి పొందాలి. దొంగచాటుగా ఫోను పెట్టడం నమ్మకద్రోహం. మాటల మధ్యలో బంధువుల తగాదాలు, గతించినవారి లోపాలు వస్తాయి. పరోక్ష నిందను దివ్యఖుర్‌ఆన్ చచ్చిన సోదరుని మాంసం తినడంతో పోల్చిందని మరువరాదు. అటువంటి భాగాన్ని బయట పెట్టరాదు. పూర్తయిన తరువాత వారికే వినిపించి, “ఇది ఉంచమంటారా, తీసేయమంటారా?” అని అడగాలి.

సాంకేతిక విషయాలు కొద్దిగానే ఉన్నాయి. ఫ్యాను ఆపాలి. తలుపులు మూయాలి. ఫోనుకు కాల్స్ రాకుండా చేసి, చెప్పేవారికి మూరెడు దూరంలో మెత్తని గుడ్డమీద ఉంచాలి. ఒక్కొక్కసారి ముప్పావు గంట మించరాదు; పెద్దలు అలసిపోతారు. అసలు ఫైలును కత్తిరించకుండా ఉంచి, వేర్వేరు చోట్ల మూడు ప్రతులు దాచాలి. ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయరాదు. మన డెల్టా తేమకు టేపుకు బూజు పడుతుంది. తెలిసినవారి చేత వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎత్తి వ్రాసేటప్పుడు వారి మాటను పుస్తకభాషలోకి దిద్దరాదు. వారి ఉర్దూ-తెలుగు కలగలుపే వారి చరిత్ర.

మసీదు కమిటీలు, మదరసాల ఉపాధ్యాయులు వేసవి సెలవులలో పది మంది విద్యార్థులకు ఈ పని అప్పగించగలిగితే చాలు. ఒక్కొక్కరు తమ నానీనో, దాదానో, వీధి చివరి మౌజన్‌నో అడిగితే ఒక్క వేసవిలో ఒక ఊరి జ్ఞాపకం భద్రమవుతుంది. ఎవరికీ ఆ తీరిక లేకపోయినా, ఈ వ్యాసం చదివినవారు రాబోయే జుమా నమాజు తరువాత ఇంటికి వెళ్ళి, తమ ఇంటి పెద్దల పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగగలరు. అడిగించుకోవాలని వారు ఎన్నాళ్ళ నుండో ఎదురుచూస్తున్నారేమో!

విన్నదాన్ని నిజాయితీతో భద్రపరచి, నిజాయితీతో ముందుతరానికి అందించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.