బాటపేరి సుంకము

ఆలమూరు బంకులో మోటారుసైకిలునకు పెట్రోలు పోయించుకొను కూలివాడు తానొక బాటపన్ను చెల్లించుచున్నానని ఎరుగునా? పంపుమీద కనబడు వెల యొక్కటే. అందు చమురు ఖరీదెంత, పన్నెంత, ఆ పన్నులో బాటకని తీసినదెంత యనునది వానికెవ్వరును చెప్పరు.

2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము పెట్రోలు, డీజిలులపై లీటరునకు రూపాయి చొప్పున రోడ్ల అభివృద్ధి సెస్సు విధించెను. అంతకుముందు 2018లో కేంద్రము మూల ఎక్సైజు సుంకమును 2 రూపాయలు తగ్గించి, పాత 6 రూపాయల బాటసుంకమును తొలగించి, వాని స్థానమున 8 రూపాయల సెస్సు నిలిపెను. కొనువానికి వెల మారలేదు. కాని మూలసుంకము రాష్ట్రములకు పంచవలసినది, సెస్సు పంచనక్కరలేనిది. ఆ రెండు రూపాయలలో రాష్ట్రముల వాటా చడీచప్పుడు లేకుండ జారిపోయెను!

పన్ను పెరిగినదనగానే గగ్గోలు పెట్టువారము కాము. బాట కావలెనన్న ధనము కావలెను. అందును డెల్టాలో మరింత కావలెను. ఇచ్చటి ఊరిబాటలు పెక్కు కాలువగట్లమీదనే సాగుచున్నవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమకు కాలువలే రాజమార్గములు. ధాన్యమును, కొబ్బరియు పడవలపై పోయెడివి. పడవలు పోయి లారీలు వచ్చినవి. గట్టుమాత్రము నాటిదే. అడుగున తేమకు నానిన ఒండ్రుమన్ను, పైన బెత్తెడు తారు: ఇదియే మన బాట.

దానిపై గౌతమి రేవులనుండి ఇసుకలారీలు దిగుచున్నవి. 1958-60 నడుమ అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలను బట్టి, ఇరుసుమీది బరువు రెట్టింపైనచో బాటకు కలుగు చేటు సుమారు పదునారు రెట్లగును. ఆ లారీ త్రాగు చమురు పదునారు రెట్లు కాదుగదా! ఇక పొలమున దమ్ముచేయు ట్రాక్టరు బాటనే ఎక్కదు. అయినను దాని డీజిలునకు బాటసుంకము తప్పదు. ఇదెక్కడి న్యాయము?

ఈ పద్ధతి క్రొత్తది కాదు. జయకర్ సంఘము సిఫారసుపై 1929 మార్చి 1వ తేదీనుండి గ్యాలను పెట్రోలుపై సుంకము 4 అణాలనుండి 6 అణాలాయెను. హెచ్చిన రెండణాలకు బాటల నిధియని వేరు పద్దు ఏర్పడెను. పరప్రభుత్వమైనను పద్దు వేరుగా నుంచినది. ఇంగ్లండుననో, 1926లో ఆర్థికమంత్రి చర్చిల్ బాటనిధి మిగులుపై చేయివైచి దానిని ఖజానాకు మళ్లించెను. ఆర్థికమంత్రులకు నిండుకుండ కంటబడరాదు కాబోలు!

మన రూపాయి సంగతి వేరు. అది ఖజానాలో నిలువకముందే, దానిని ఆధారముగా జూపి 2,000 కోట్ల రూపాయల బ్యాంకు ఋణము తెచ్చుటకు నిశ్చయించిరి. ఋణము నేరమని మేమనము. కాని తాకట్టుపడినది రాబోవు ఏండ్ల రూపాయి. నేడు పోసిన తారు నాలుగు వానలకు లేచిపోవచ్చును. బ్యాంకు వాయిదా లేచిపోదు. బాట చెడిన పిమ్మటకూడ దాని వెల చెల్లించుచునే యుందుము.

కావున లెక్క కావలెను. హైదరాబాదు, విజయవాడ, ఢిల్లీ కాగితములలోని లెక్క కాదు. బంకులకు చేరిన లీటర్ల పద్దు ఉండనే యున్నది. ఆలమూరు మండలమున ఏడాదికెంత చమురు అమ్ముడైనది, అందు బాటపేర పోయినదెంత, మరలి వచ్చినదెంత, ఏ బాటకు, ఏ గుత్తేదారుచేత, ఎన్నియేండ్లు నిలుచునన్న పూచీపై ఖర్చైనది: ఇది ప్రతి పంచాయతీ కచేరి గోడపై తెలుగున వ్రాసి అంటింపవలెను. రేవుదగ్గరనే లారీని తూచి, అధికభారమునకు వేరుగా వసూలుచేసి, ఆ సొమ్మును ఆ గట్టుబాటకే ఇయ్యవలెను. ఇంతమాత్రము చేసి, పిమ్మట మరియొక రూపాయి అడుగుదురుగాక. అప్పుడు కాదనువారెవరో చూతము.