ఒకే బావినీరు, భిన్నమైన దంతములు

సూర్యాపేట, కోదాడ 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనివే; మిర్యాలగూడ నేటికిని ఆ జిల్లాలోనిదే. ఆ జిల్లాలో పెక్కు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. శిలలనుండి నీటిలో కరగు నీ పదార్థము మితిమీరినచో పిల్లల దంతములపై మచ్చలు పడును. ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలు బిగిసి వంగును.

ఒకే బావినీరు త్రాగువారందఱికి హాని సమానముగా కలుగునా? కలుగదు. ఆహారమును, త్రాగు నీటి పరిమాణమును కొంత కారణము. తల్లిదండ్రులనుండి సంక్రమించు జన్యువులు మఱికొంత కారణము. ఆ జన్యువులనన్నిటిని కలిపి పరిశీలించు శాస్త్రమే జీనోమిక్సు. అమెరికా శాస్త్రజ్ఞులు 12 వంశముల చిట్టెలుకలకు ఒకే మోతాదున ఫ్లోరైడు కలిపిన నీరు పోసి, 2002లో ఫలితములను ప్రకటించిరి. ఒక వంశమువాని దంతములు మిక్కిలి చెడెను. వేఱొక వంశమువానికి హాని మిక్కిలి స్వల్పము. నీరొక్కటే, భేదము జన్యువులయందు.

ఇందుండి నేర్వవలసినదేమి? ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరునకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా సూచించినది. భారత ప్రమాణము 1 మిల్లీగ్రామునే కోరుచు, వేఱు నీరు దొరకనిచో మాత్రమే 1.5 వఱకు అంగీకరించును. అట్టి హద్దు సగటు మనుష్యునికొఱకు గాక, ఓర్వజాలని దేహము గలవానికొఱకు ఏర్పడవలెనని మా అభిప్రాయము. అట్టివారెందఱో జన్యువులవలన తెలిసినకొలది ఆ హద్దు ఊహపై గాక లెక్కపై నిలుచును.

అయినను జన్యువులను చదివినంతమాత్రమున నీరు శుద్ధికాదు. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థవారు కనుగొనిరి. దానికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. కృష్ణాజలమును కుళాయిలకు తెచ్చుట మఱియొక మార్గము.

విద్యార్థులారా! తోటివాని దంతములపై మచ్చలు చూచి నవ్వకుడు. దోషము నీటిది, వానిది గాదు.