మన చల్లగరిగ పాటకు హైటెక్ సిటీలో చప్పట్లు

హైదరాబాద్: అద్దాల మేడలకు, అమెరికా కొలువులకు పేరుపడిన హైటెక్ సిటీలో సోమవారం ఉదయమంటే ఉరుకులు పరుగులే. అటువంటి చోట 2023 మార్చి 13 సోమవారం నాడు అందరి నోటా ఒకటే మాట. మన జిల్లా చిట్యాల మండలం చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ రాసిన 'నాటు నాటు' పాటకు ఆస్కార్ బహుమతి వచ్చిన రోజు అది.

లాస్ ఏంజెలిస్‌లో ఆదివారం సాయంత్రం మొదలైన ఉత్సవం మనకు సోమవారం తెల్లవారి 5.30 గంటల నుంచి ప్రత్యక్ష ప్రసారమైంది. రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి చేరేవారికి, పగటి డ్యూటీకి తయారయ్యేవారికి కూడా అది వీలైన వేళే. టి.వి. లేనివారికి సెల్‌ఫోనే బుల్లితెర అయింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉంటూ కొలువు చేసుకునే పల్లె పిల్లలకు ఇది ఇంట్లో శుభకార్యం వంటిదే.

గాగా, రిహానాలతో పోటీ

పోటీలో ఉన్నవి 5 పాటలు. లేడీ గాగా, రిహానా వంటి పేరుమోసిన గాయనుల పాటలు వాటిలో ఉన్నాయి. వారిని దాటి మన పాట నిలవడం చిన్న సంగతి కాదు. 2009లో ఎ.ఆర్. రెహమాన్‌కు ఈ బహుమతి వచ్చినా ఆ చిత్రం బ్రిటిష్‌వారిది. భారతీయ చిత్రంలోని పాటకు దక్కడం ఇదే మొదటిసారి.

మంగళ్‌హాట్ కుర్రవాడు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదికపై తెలుగులోనే పాడారు. పాట ముగియగానే సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బహుమతి అందుకున్న కీరవాణి తన సంతోషాన్ని పాటగా పాడి వినిపించగా, చంద్రబోస్ 'నమస్తే' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ ఒక్క మాటే చాలామంది తెలుగువారికి గుర్తుండిపోయింది.

సంతోషంలోనూ కొరత

అయితే చూసినవారందరూ పూర్తిగా తృప్తి పడ్డారని చెప్పలేము. కార్యక్రమ వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ 'ఆర్.ఆర్.ఆర్.'ను బాలీవుడ్ చిత్రమన్నారు. తెలుగు చిత్రాన్ని హిందీ చిత్రాల ఖాతాలో వేయడమేమిటని పలువురు కోపగించుకున్నారు. వేదికపై చిందులు వేసినవారిలో మన దేశపు నర్తకులు కనిపించలేదని అమెరికాలోని భారతీయ కళాకారులు సైతం ఆక్షేపించారు. పాట మనది, ఆట పరాయివారిదా అన్నది వారి బాధ. చిత్రంలో ఆడిన రామ్‌చరణ్, ఎన్.టి.ఆర్. సభలో ఉన్నా, సాధనకు వ్యవధి చాలనందున వేదికపై ఆడలేదు.

యాస దాచుకునే చోట

చిత్రంలో ఈ పాట వచ్చే సందర్భం గమనించదగ్గది. దొరల విందులో ఒక తెల్లవాడు మనవారికి నాట్యం రాదని ఎగతాళి చేస్తాడు. దానికి జవాబుగా హీరోలిద్దరూ నాటు ఆట ఆడి చూపిస్తారు. పొలం గట్టు, జాతర, పోతరాజు, జొన్నరొట్టె వంటి మాటలతో చంద్రబోస్ ఆ పాటను అల్లారు. చాలా భాగం ఒక్క పూటలోనే రాసినా, మిగిలిన కొద్దిపాటి ముక్క పూర్తి కావడానికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పారు.

ఊరి యాస బయటపడితే నవ్వుతారేమోనని ఇంగ్లీషు మాటల చాటున దాగే పిల్లలు ఐ.టి. కార్యాలయాల్లో తక్కువేమీ కాదు. జొన్నరొట్టె తిన్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట, అదే జొన్నరొట్టె మాట ప్రపంచమంతా చూసే వేదికపై వినిపించింది. కన్నవారికి ఫోను చేసి 'మన చంద్రబోస్' అని గర్వంగా చెప్పుకోవడానికి ఒక రోజు దొరికింది.

ఇంకొక విశేషం. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి చంద్రబోస్ సినీకవిగా పేరు తెచ్చుకుంటున్నారు. 1995లో 'తాజ్‌మహల్' చిత్రంతో ఆయన పాటల ప్రయాణం మొదలైంది. ఆయన కూడా ఇంజనీరింగ్ చదువుకున్నవారే. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని కూకట్‌పల్లి జె.ఎన్.టి.యు.లో చదివి, ఆ కొలువుల దారి విడిచి పాటల దారి పట్టారు.

ఊరికి మిగిలింది

బహుమతుల సందడి నాలుగు రోజులు ఉండి పోతుంది. ఊరికి ఏమి మిగిలిందన్నదే అసలు ప్రశ్న. చంద్రబోస్ సొంత ఖర్చుతో చల్లగరిగలో గ్రంథాలయ భవనం కట్టించి, 2024లో ప్రారంభించారు. దానికి ఆస్కార్ గ్రంథాలయమనే పేరు. హైటెక్ సిటీలో కొలువు చేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తలా నాలుగు పుస్తకాలు తెచ్చి అక్కడ పెడితే, ఆనాటి చప్పట్లకు ఒక అర్థం ఉంటుంది.